ఉపవాసపు కేకు

కరెంటు బిల్లు వెనక రాసిపెట్టి వెళ్ళింది కల్లియోపి,
తను రావడం ఆలస్యమైతే అని.
పైన పెద్ద అక్షరాలతో: చాలా సులువు.
కింద రెండు గీతలు కూడా గీసింది,
నా సంగతి తెలిసిన మనిషి కదా.

లేరోస్ రేవులో నా పని తాళ్ళు అందుకోవడం.
ఓడ విసిరిన తాడు పట్టి
ఇనప గుంజకి మెలేసి బిగించడం.
మూడు రోజులుగా ఒకటే గాలి.
ఓడ లేదు, తాడు లేదు.
కంటి ఆపరేషనుకని పిరేయస్ వెళ్ళినావిడ
అక్కడే ఆగిపోయింది.
క్రిస్మస్‌కి ఇంక అయిదు రోజులు.

పండగ ముందు నలభై రోజులు మా ఇంట్లో
గుడ్డు లేదు, పాలు లేవు, వెన్న లేదు.
భక్తి ఆవిడది.
నాది పెట్టింది తినడం.
అలా తిని తినే, ముప్ఫై ఏళ్ళుగా
నేనూ భక్తుల కింద జమ.

"నీలం కప్పుతో రెండున్నర పిండి."
నీలం కప్పు ఏది?
అలమరా అంతా దించి నేలమీద పరిచాను.
చివరికి కిటికీలో కనపడింది,
అందులో ఏదో కొమ్మ నాటి ఉంది, అప్పుడే వేళ్ళూనుతోంది.
కొమ్మని గ్లాసులోకి మార్చి, మట్టి కడిగి, కప్పు తుడిచాను.
వేరే కప్పుకి ఆ కొలత రాదని ఆవిడ అంటుంది.
ఆవిడ నమ్మేవాటిలో
నేను నమ్మేది ఇదొక్కటే.

"నారింజరసంలో సోడా. పెద్ద గిన్నెలో."
పెద్ద అన్న మాట నేను చదవలేదు.
చుక్క పాలు లేని ఇంట్లో
పాలు పొంగినట్టు పొంగి
గిన్నె దాటి, బల్ల దాటి
నా ఎడం చెప్పులోకి.

సరిగ్గా అప్పుడే పక్కింటి అనెజినా.
ఆవిడ కోళ్ళకి ఉపవాసమని ఎవరు చెప్తారు,
రోజూ పెడుతూనే ఉన్నాయి,
గంపలో గుడ్లు గుట్టపడుతున్నాయి.
"నాలుగు కొట్టి వెయ్యి, బాగా పొంగుతుంది.
ఎవరు చూడొచ్చారు?"
గొంతు తగ్గించి మరీ చెప్పింది,
గోడకి తగిలించిన సాధువు వైపు వీపు తిప్పి.
గుడ్లు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.
కాసేపు వాటిని చూశాను, అవీ నన్ను చూశాయి.
తీసుకెళ్ళి అలమరా వెనక దాచాను,
దొంగసొత్తులా.

ఆలివ్ నూనె. చక్కెర. వాల్‌నట్లు, ఎండుద్రాక్ష.
బ్రాందీ ఒక చెంచా పిండికి,
కాగితంలో లేని ఇంకో చెంచా నాకు.
దాల్చినచెక్క రోట్లో దంచాను.
తర్వాత లవంగాలు,
అంకె మీద నూనె మరక.
మూడో ఎనిమిదో తెలీలేదు.
తాడు విషయంలో అనుమానమొస్తే ఇంకో మెలిక వేస్తాం.
ఎనిమిదీ దంచాను.

"అయ్యేదాకా కాల్చు" అని ఆఖరి మాట.
ఏమిటి అయ్యేదాకా?
ఓవెన్ ముందు స్టూలు వేసుకు కూచున్నాను,
ఓడకోసం కూచున్నట్టు.
ఫోను మోగింది.
ఒక కంటికి కట్టు కట్టారట,
పక్క మంచం ఆవిడ గురక పెడుతోందట,
ఆసుపత్రి సూపులో ఉప్పు లేదట.
"వాసన వస్తోందా?"
నేనేం చేస్తున్నానో చెప్పనే లేదు.
వస్తోందన్నాను.
"అయితే ఇంకో పావుగంట. తలుపు తెరవకు."
లవంగాల సంగతి అడగలేదు నేను.
అడిగి ఏం లాభం.

మధ్యలో కొంచెం దిగింది.
పర్వాలేదు, మా రేవు కూడా మధ్యలో దిగే ఉంది.
గుడ్డలో చుట్టి, ముక్క కొయ్యకుండా పెట్టాను.

ఇరవైనాలుగు తెల్లవారుజామున గాలి తగ్గింది.
ఓడ దీపాలు మలుపు తిరిగాయి.
మొదటి తాడు బిగించాను.
ఇనప పలక కిందికి దిగింది,
లారీలు, మోటారు సైకిళ్ళు, గొర్రెల వ్యాను,
వాటి వెనక చెయ్యి ముందుకు చాచి
ఒక కన్నుతో నేలని కొలుచుకుంటూ ఆవిడ.

దగ్గరికొచ్చి, నా స్వెట్టరు చేతికి ముక్కు ఆనించి
కాసేపు నించుంది.
"ఎనిమిదా?" అంది.

రెండో తాడు నీళ్ళలోంచి లాగుతున్నాను అప్పుడు.