బండి వెడల్పు

ఆఖరి ల్యాప్.
ఎడమ వెనక టైరు అరిగి సబ్బుముక్కలా జారుతోంది.
భీమిలి వైపు నుంచి ఉప్పుగాలి
సరుగుడు తోపుని ఒకసారి వంచి వదిలేసింది.

వెనకాల కోరాడ హేమసుందర్.
కార్ట్‌కి అద్దాలుండవు,
వెనకవాణ్ణి ఇంజన్ గొంతు బట్టి పోల్చుకోవాలి.
ఆ గొంతు నా కుడి చెవిలోంచి ఎడమ చెవిలోకి మారింది.
ఎందుకంటే నేను లోపలికి జరిగాను.
ఒకసారి. అది నా హక్కు.
రెండోసారి జరగడం గురించి
క్లబ్బువాళ్ళిచ్చిన నీలం పుస్తకంలో ఒక్క ముక్కా లేదు.

దానయ్య మావ దగ్గర ఉంది.
ఫిషింగ్ హార్బర్లో పడవ ఇంజన్లు విప్పి విప్పి
గోళ్ళ కింద నలుపు కాపురం పెట్టినవాడు,
నా కార్బురేటర్ బిగిస్తూ అనేవాడు:
"దారి కాసుకో అమ్మా, వద్దని ఎవుడన్నాడు?
ఒక పక్క మూసెయ్. రెండోది వదిలెయ్.
ఆడు బ్రేకేసినాక మాత్రం కదలకు.
ఆడప్పటికే నిన్ను నమ్మేసినాడు.
ఛానెల్లో రెండు పడవలెదురైతే
ఏ కాయితం సూసి తప్పుకుంటారేటి?"

పోయినేడు ఇదే మలుపు.
లోవరాజని అనకాపల్లి కుర్రాడు.
వాడి చక్రం నా సీటు పక్కకి వచ్చాక
చూడనట్టు స్టీరింగ్ తిప్పాను.
ఎర్రమట్టిలో రెండు పల్టీలు.
పెద్దలు ముగ్గురూ వీడియో చూశారు,
టీ తాగారు, మళ్ళీ చూశారు,
ఎవరి తప్పూ లేదని రాశారు.
కప్పు మా టీవీ పక్కన ఉంది.
లోవరాజు మద్దిలపాలెంలో మొబైల్ షాపులో
బుల్లి మరలన్నీ ఎడమచేత్తో తిప్పుతాడు.
వెళ్ళానోసారి, పగలని స్క్రీన్‌కి గార్డు వేయించుకోడానికి.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.
ఇంకేమీ అనలేదు.

ఇదిగో, ఆ మలుపు.
జెండా పట్టుకునే పిల్లాడు ఫోన్ చూసుకుంటున్నాడు.
కెమెరా స్తంభం మొన్నటి తుపానుకి ఒరిగి
సముద్రాన్ని రికార్డు చేస్తోంది.
హేమసుందర్ ముందు చక్రం
నా మోకాలి పక్కన.
తిప్పితే చాలు, బెత్తెడు.

చెయ్యి దురదపెట్టింది, అబద్ధమెందుకు.

తిప్పలేదు.
తెల్లగీతకీ నాకూ మధ్య
ఒక బండి పట్టేంత వదిలాను.
సరిగ్గా అంతే. పైన జానెడు కూడా ఇవ్వలేదు.
మంచితనం కాదది. ఆ జానెడు నాది.

ఇరుకు మెట్ల మీద మంచం దింపుతున్న ఇద్దరిలా
పక్కపక్కనే తిరిగాం.
తర్వాతి మలుపు ఎడమకి. లోపలి పక్క వాడిది.
ఇప్పుడు వాడు నన్ను తోయొచ్చు.
నా భుజాలు ముందే బిగుసుకున్నాయి.
తోయలేదు.
వాడికీ ఎవరో చెప్పే ఉంటారు,
లేదా వాడికీ ఒక లోవరాజు ఉన్నాడేమో.

గీత దాటేసరికి మూరెడు ముందున్నాడు వాడు.

దానయ్య మావ ఓడిపోయావనలేదు.
వంగి, బండి ఎడమ పక్కంతా అరచేత్తో తడిమాడు.
గీతల్లేవు. పరాయి రంగు అంటలేదు.
"ఊఁ" అన్నాడు.

కార్ట్‌ని ట్రాలీ ఆటోకి తాళ్ళతో కట్టి తిరిగొస్తుంటే
హనుమంతవాక దగ్గర ఓ సిమెంటు లారీ
మమ్మల్ని డివైడర్ మీదకి నొక్కి పోయింది.
మావ దాని తాతల్ని కూడా వదలకుండా తిట్టాడు.
మద్దిలపాలెంలో ఆపమన్నాను.

షట్టర్ సగం దింపి ఉంది. లోపల లైటు.
ఈసారి నా ఫోన్‌కి
ఏ రిపేరూ లేదు.