ఓయ్

ఇక్కడి భాషలో దీవిని ఓయ్ అంటారు.
మొదటిసారి విన్నప్పుడు
ఎవరో నన్నే పిలిచారనుకుని వెనక్కి తిరిగాను.
రేవు తప్ప, రేవు గుంజ మీద కూర్చున్న
బూడిదరంగు పక్షి తప్ప ఎవరూ లేరు.

తిమింగలం ఓయ్. ఇసుక ఓయ్. గొర్రెల ఓయ్.
పడవ ఒక్కొక్క పిలుపునూ ఒరుసుకుంటూ పోతుంది.
పటంలో ఈ దేశపు పడమటి అంచు
కుక్కపిల్ల నమిలేసిన ఉన్ని చేతితొడుగు.
ఊడిన ప్రతి పోగు చివరా ఒక ఊరు,
ఊరికో చర్చి, పెట్రోలు పంపు,
చేపలు ఆరేసే కర్రల పందిరి.

తాడు విసిరేది తూర్దిస్.
ముప్పైరెండేళ్లుగా ఆమెదే ఆ పని.
రేవు దగ్గరపడగానే ఊరి పేరు గట్టిగా అరుస్తుంది,
దిగేవాళ్లంతా అక్కడే పుట్టినవాళ్లైనా సరే.
"ఎందుకూ?" అన్నాను.
"ఊరు వినాలిగా," అంది.

ఆమె దగ్గర మూడు టోపీలున్నాయి.
మొదటిది పాత జిల్లాది.
తర్వాత దక్షిణాన, వెచ్చని గదిలో ఎవరో
రెండు జిల్లాలను కలిపి కుట్టేశారు.
పడవకు కొత్త రంగు, టోపీకి కొత్త గుర్తు,
కవరు మీద పట్టనంత పొడుగు పేరు.
నాలుగేళ్లకు కుట్లు విప్పేశారు.
మూడో టోపీ అచ్చం మొదటిదే, గుడ్డ మాత్రం నాసిరకం.
మధ్య టోపీలో ఇప్పుడు గాలాలు దాచుకుంటోంది.
"ఆ నాలుగేళ్లూ చేపలు ఏ జిల్లాకు పన్ను కట్టాయో
అడగాలనుకున్నాను," అంది, నవ్వకుండా.

తీరం ఎంత పొడవని అడిగాను.
"కొలిచేదెవరు?
విమానానికి ఒక పూట. పడవకు వారం.
మా నాన్న ప్రతి రాయినీ చుట్టి వచ్చేవాడు,
ఆయనకు ఇంకా పూర్తి కాలేదు."
ఆమె చూపు నీళ్ల మీద నుంచి కదల్లేదు.
నేనూ గొంతు తగ్గించి తల వంచుకున్నాను.
తర్వాత తెలిసింది, ఆయన తొంభై ఒకటో ఏట
ఆసుపత్రి నర్సులతో పేకాడి గెలుస్తున్నాడని.

ఎదురొడ్డున ఒక ఇల్లు, కిటికీలో దీపం.
అక్కడ కాఫీ కాగితే ఇక్కడ వాసన వచ్చేంత దగ్గర.
రోడ్డు మీదైతే నాలుగు గంటలు, రెండు సొరంగాలు,
ఒక కనుమ, అదీ మంచు దయతలిస్తే.
ఈ దేశంలో కంటికి దగ్గరివాళ్లు కాలికి దూరం.

పెట్టెలు దించేదాకా అస్లాక్ వాళ్ల ఊళ్లో దిగాను.
రేవు పలక మీద ఊరికి మూడు పేర్లు,
మూడు భాషల్లో, ఒకదాని కింద ఒకటి.
సామీ పేరు రెండో అక్షరంలో తూటా కన్నం.
ప్రతి వసంతంలో అస్లాక్ లప్పం పెట్టి రంగు వేస్తాడు.
సూర్యుడు రాని నెలల్లో మళ్ళీ కన్నం.
"ఎవరో తెలుసా?"
కుంచె తుడుస్తూ తలూపాడు.
"తెలుసు. వాడి పడవకు పేరు రాసిందీ నేనే.
అక్షరాలు బాగా కుదిరాయని మెచ్చుకున్నాడు కూడా."

దక్షిణాన, దీవుల కొస మీద
ఒక ఊరుందట, పేరు ఒక్కటే అక్షరం: ఓ.
వాళ్ల అక్షరమాలలో చిట్టచివరిది.
ఆ పలకను పర్యాటకులు ఎత్తుకుపోతుంటారట.
ఆ సంగతి నా చెవికెక్కలేదు.
ఇన్ని దీవులు ఓయ్ ఓయ్ అని పిలుస్తుంటే
ఓ అని పలికే ఊరు ఒక్కటైనా ఉందని తేలింది.
నా భాష చేసిన అల్లరే అది, తెలుసు.
అయినా ఆగలేక తూర్దిస్‌కు చెప్పాను.
ఆమె కాసేపు ఆలోచించి,
"మరీ దూరం. వినపడదు," అంది.

వడగళ్లు మొదలయ్యాయి.
తర్వాతి రేవు చీకట్లో ఒక పసుపు చుక్క.
పేరు అరిచింది, సగం గాలి తినేసింది.
తాడు విసిరింది. అందలేదు.
తడిసి బరువెక్కిన తాడును చుట్టలు చుట్టలుగా
వెనక్కి లాక్కుంటూ
పేరు మళ్ళీ మొదటినుంచి అందుకుంది.