ఏడో గడి

కలెక్టరాఫీసు రెండో అంతస్తులో
ఫ్యాను ఎంత తిరిగినా కాగితాలు ఎగరవు,
ప్రతి కట్ట మీదా ఒక చీమకుర్తి నల్లరాయి ముక్క.
ఆడవాళ్ల రొమ్ముకి ఏ వయసు నుంచి ఫిల్ము తీయాలో
మేం తొమ్మిదిమందీ తేల్చాలట,
భోజనాల లోపు.

ముందు ఒక ఫారం.
ఏడో గడిలో ఎవరో తర్జుమా చేసిన ప్రశ్న:
"ఈ విషయమున మీకు ఆసక్తి కలదా?"

కలదు, అని రాయబోయాను.
ఇరవై రెండేళ్లుగా ఉంది.
చీకటిగదిలో తెల్లచుక్కలు లెక్కపెట్టి లెక్కపెట్టి
నా కళ్లజోడు నంబరు నాలుగుసార్లు మారింది.
ఆవగింజలో సగం కూడా లేని సున్నపు మచ్చ కోసం
ఊపిరి బిగబట్టే ఆసక్తి.

సూపరింటెండెంటు చెంచయ్య గొంతు తగ్గించి,
"ఆ ఆసక్తి కాదు మేడం.
ఇందులో మీకేమన్నా మిగులుద్దా అని."

మిగులుద్ది.
లాయర్‌పేట స్కానింగ్ సెంటర్లో మూడో వంతు నాది.
మిషను మీద బ్యాంకు అప్పు,
ఇంకా ముప్పై ఒక్క వాయిదాలు.
ఇంట్రెస్టు అంటే ఆసక్తీ అదే, వడ్డీ అదే అని
ఇంగ్లీషు మేష్టారు చెప్పినప్పుడు
క్లాసంతా నవ్వామే,
అది జోకు కాదు.

మా నాన్న టంగుటూరు వేలం కేంద్రంలో గ్రేడరు.
పొగాకుని చెవి దగ్గర నలిపి
చప్పుడుని బట్టి తేమ చెప్పేవాడు.
కంపెనీ బయ్యరు ఇప్పించిన టీ ఏనాడూ తాగలేదు.
పెదనాన్న బేళ్లు వరసలోకొచ్చిన రోజు
"ఇవి నేను చూడకూడదు" అని పక్కకి జరిగాడు.
చూసినతను కొత్తవాడు,
బ్రైటు ఆకుని మీడియం అనేశాడు.
ఆ ఏడు పెదనాన్న బ్యారన్‌కి కప్పు పడలేదు.
నాన్న నిప్పులాంటి మనిషని ఊరంతా అన్నది.
పెదనాన్న పదేళ్లు పలకరించలేదు.

నాకెదురుగా పట్టాభి గారు, లెక్కల ప్రొఫెసరు.
ఏ మిషనులోనూ వాటా లేదు,
ఏ ఫిల్మూ చదివిందీ లేదు.
"ఎందరికో తీస్తే ఒకరు బతుకుతారమ్మా,
కొందరిని ఊరికే కోస్తాం" అంటాడు మెల్లగా.
ఇరవై ఏళ్లుగా ఒకే మాట మీద నిలబడ్డ మనిషికి
ఆ మాటా ఆస్తే కదా.
దానికి గడి లేదు ఈ ఫారంలో.

కానీ ఆ 'ఊరికే' నాలో ఎక్కడో గుచ్చుకుంది.

మాలకొండమ్మ. కొండపి. నలభై మూడేళ్లు.
గ్రేడింగు షెడ్డులో ఆకు ఏరే మనిషి.
చుక్కలు చూసింది నేను, చెప్పింది నేను,
కోయించుకోమన్నదీ నేనే.
అది పాకే జబ్బో,
ఉన్నచోటే నిద్రపోయి
ఆమెతోపాటే ముసలిదయ్యే మచ్చో
ఇంక ఎప్పటికీ తెలియదు, నాక్కూడా.
ఏటా కొత్త కందులు మూటగట్టి తెచ్చి
"నువ్వు లేకపోతే నేను లేనమ్మా" అంటుంది.
ఆ పప్పు మా ఇంట్లో ఉడుకుతుంది.
అదీ రాయాలా, ఏడో గడిలో?

సెంటరు రాశాను. వాటా రాశాను. వాయిదాలు రాశాను.
కందులు రాయలేదు.

ఓట్లప్పుడు నన్ను బయట ఉండమన్నారు,
మర్యాదగానే.
వరండాలోకి తలుపు సందులోంచి ఎవరిదో గొంతు:
"కొవ్వున్న రొమ్ములో గడ్డ కనపడదు గదండీ."
తప్పు.
కొవ్వులోనే కనపడుతుంది. బిగువున్నచోటే దాక్కుంటుంది.
పూర్తిగా తిరగేశాడు.
తలుపు పిడి చల్లగా ఉంది,
నా చెయ్యి దాని మీదే ఉంది,
లోపల ఎవరూ కాదనలేదు.

అటెండరు దావీదు టీ గ్లాసు అందిస్తూ
"మేడం, మా ఆడమనిషికి నలభై ఒకటి.
తీయించమంటారా?"

"మిషను నాదే దావీదూ" అన్నాను, ముందు.

"తెలుసు గదమ్మా.
అందుకే గదా మిమ్మల్ని అడిగేది."