రెండు పెన్సిలు సెల్లులు

ఇసకపల్లి ఉప్పుకాలవ గట్టు మీద
ఆరు రొయ్యల గుంటలు, ఒక రేకుల కొట్టం,
కొట్టానికి ఒక బల్బు.
పదోతరగతి తప్పిన ఏడు
రాత్రి కాపలా నాది.
పెంచలయ్య మామ తోడుండాలి గానీ
తొమ్మిదింటికే దుప్పటి ముసుగేసి
గురకలో సముద్రం దాటిపోతాడు.

నిద్ర పట్టకుండా ఉంటుందని
కోటారెడ్డి కొడుకు తన ఆటపెట్టె ఇచ్చిపోయాడు.
మద్రాసు బర్మాబజారులో కొన్నదంట.
సబ్బుబిళ్ళంత ఉంది. లోపల గొలుసు దొర.

గొలుసు దొరంటే సామాన్యుడా!
మూడు భాగాలూ అల్లూరు టెంటుహాల్లో
నేలమీద కూర్చొని చూసినోణ్ణి.
అరువు గొంతుతో తెలుగులో ఆయన
"తెగింది గొలుసు కాదురా, నీ ఆయుష్షు" అంటే
హాలంతా చొక్కాలిప్పి తిప్పేది.
రెండో భాగంలో తమ్ముడి శవాన్ని భుజానేసుకొని
వంతెన దాటే చోట మాత్రం
ఒక్కడూ ఈల వెయ్యలా.
శెనక్కాయలమ్మే అంకయ్య
పొట్లం సగం చుట్టి నిలబడిపోయాడు.

పెట్టెలో ఆ తమ్ముడు లేడు.
వంతెన ఉంది.
దొర వడ్లగింజంత ఉన్నాడు.
మొహం నాలుగు చుక్కలు,
అందులో కన్నేదో నోరేదో మనమే అనుకోవాలి.
మాటల్లేవు. దూకితే టిక్కు, పడితే టుయ్యి.
ప్రాణాలు మూడు.
సినిమాలో ఒక్కటే, అందుకే అంత భయపడ్డాం.

"ఈయనేనా దొర?" అన్నాడు మామ ఒకసారి తొంగిచూసి,
"గండుచీమ మాదిరి ఉండాడే."

ఆ పెట్టెకి సొంత వెలుగు లేదు,
బల్బు కింద ఏటవాలుగా పట్టుకోవాలి.
ఉసిళ్ళొచ్చి తెరమీద వాలేవి.
ఒక ఉసిలిని శత్రువనుకొని
దొరను వెనక్కి దూకించి లోయలో పడేశాను.
బటన్ల నిండా రొయ్యమేత వాసన.

ఆ రాత్రి ఏడో స్టేజీ, మొదటిసారి.
గుంటల్లో చక్రాలు నీళ్ళు చిలుకుతున్నాయి.
ఆ మోతకి చెవులెంత మరిగాయంటే
అది ఆగినప్పుడే నాకు వినపడింది.

కరెంటు పోయింది.
బల్బు లేదు, వంతెన లేదు, దొర లేడు.
చేతిలో పెట్టె మాత్రం పలుకుతానే ఉంది.
కనపడని చోట ఆయన నడుస్తానే ఉన్నాడు.
నేను, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే,
శబ్దం పట్టుకొని ఇంకో రెండు దూకులు దూకించాను.
టిక్కు.
టిక్కు.

"ఒరే అబ్బయా! చక్రాలాగినయ్యిరా!
బిన్నా లెయ్, రొయ్య పైకొచ్చేస్తది!"
మోతలో నిద్రపోయే మనిషికి
మోత ఆగితే మెలకువ.
టార్చి నొక్కితే ఎర్రగా ఒక కన్ను తెరిచి మూసింది.
బలమున్న సెల్లులు కొట్టంలో రెండే రెండు.
అవి దొర వీపులో ఉన్నాయి.

గోటితో మూత లాగాను.
టుయ్యి కూడా అనలేదు.
పడ్డాడో, గాల్లోనే ఉండిపోయాడో
పాతికేళ్ళు దాటినా నాకు తెలీదు.

టార్చి పళ్ళ మధ్య కరిచి
ఆయిలింజను హ్యాండిలు ఇద్దరం తిప్పాం.
నాలుగోసారికి దగ్గి అందుకుంది.
గట్టంచున రొయ్యలు మీసాలెత్తి
గాలి అడుక్కుంటున్నాయి.
వెలుగు పడ్డచోటల్లా వాటి కళ్ళు, నిప్పు చుక్కలు,
గుంటకి లక్షన్నర జతలు.
ఒక్కోదానికి ఒక్కటే ప్రాణం.

నాలుగో గుంట పోయింది. ఐదు నిలబడ్డాయి.
పొద్దున్నే కోటారెడ్డి వచ్చి
నాలుగో గుంట గట్టు మీదే కూర్చున్నాడు.
మిగతా ఐదింటి దిక్కు తల తిప్పలా.
మామ బీడీ ముట్టించి
నన్ను పక్కకి జరగమని సైగ చేశాడు.

ఆదివారం కొడుకొచ్చి
పెట్టె జేబులో వేసుకుంటా అడిగాడు.
"ఎందాకా పోయావ్?"
"ఏడో స్టేజీ. చీకటి వంతెన."
అతను తల గోక్కున్నాడు.
"ఏడులో చీకటి యాడుంది?
అక్కడంతా పగలే కదా."