రెండు వేళ్ల దూరం

ఆర్మూర్ల పసుపు ఉడికే రోజులు.
గ్రౌండంతా అదే వాసన.

మొదట్ల ప్రతి బంతికీ ఊపేదాన్ని.
గాలి తెగేది. బంతి సక్కగ
క్యాచర్ చేతులల్లకు పోయేది.
"బలం జబ్బల లేదు గంగామణీ,
ఏ బంతిని ఇడిచిపెడ్తవో దాంట్లుంది"
అన్నడు అంజద్ సారు. నాకు సమజ్ కాలె.

ఐతారం నాయినకు సద్ది తీస్కొని క్వారీకి పోతే
రాయి సుట్టూ తిర్గుతుండు. తడిమిండు.
బీడీ ముట్టిచ్చిండు. మల్ల తిర్గిండు.
పొద్దు నెత్తికెక్కినంక
ఒక్కటే దెబ్బ.

జగిత్యాలతోని ఆట. రెండు స్ట్రైకులు పడ్డయి.
బ్యాటు రెండు వేళ్లు పైకి పట్టిన.
బయటికి పోయే బంతిని పోయేదిక్కే తోసి ఉరికిన.
ఫస్ట్ బేస్ మీద నిలవడ్డ, పండ్ల సందుల దుమ్ము.
"గింతేనా?" అన్నరు గోడ మీది పోరగాండ్లు.

గింతే.
నిరుడు ఒక్కటి కంచె దాటి పసుపు కుప్పల పడ్డది.
సారు బ్యాగుల ఆ బంతి ఇంకా పచ్చగనే ఉంటది,
అడిగినోళ్లందరికి సూపిస్తడు.
దానికి ముందు వరుసగ తొమ్మిదిసార్లు
గాలిని కొట్టి ఔటైన.
ఆ లెక్క మాత్రం
నా అరచేతుల కాయలకే ఎరుక.