ఇంచుంబావు

వేలంల పదకొండు వేలకు పాడిన బండి.
రెండు చక్రాలు, మూతికొక కొక్కెం, రేకు ఒళ్లు.
దేవరకొండ రోడ్డు మీద జొన్నరొట్టెలు అమ్ముకుందామని
ట్రాక్టరు వెనక కట్టి ఈడ్చుకొచ్చిన.
పక్కకు రాసిన అక్షరాలు సగం రాలిపోయినయి,
'నీటి పరీ' దాకనే ఉన్నది.

లోపల అంతా బాగనే ఉంది, సింకు తప్ప.
నీళ్లు పోస్తే గుటగుట మింగేది,
మింగింది మళ్ల గొంతులకు తెచ్చుకునేది.
పొద్దుగూకినంక వాసన.
ఏ మూల ఎలుక చచ్చిందోనని
మూడు రోజులు చెక్కలన్నీ ఊడదీసి దేవులాడిన.

"ఎలుక గాదు బిడ్డా,"
గడపలనే నిలబడి అన్నడు ఈదయ్య మేస్త్రి.
లోపలికి రాలే. వచ్చినా వంగలేడు.
మెడ తిప్పాలంటే మనిషంత తిరగాలె,
మర్రిగూడ దిక్కు నీళ్లు తాగిన బొక్కలు.
"నువ్వు కింద పండుకో. నేను చెవితోని జూస్త."

పండుకున్న. మొఖం మీద పైపు.
చిలుము పట్టిన ఇత్తడి నట్టు,
దాని కింద పైపు దిగి, వంగి, మళ్ల లేచి,
అడుగు చెక్క చిల్లుల నుంచి బయటికి.
"ఆ వంపుల గుక్కెడు నీళ్లు నిలవాలె.
అవే తలుపు.
అవి ఉన్నంతసేపు కింది గాలి పైకి రాదు.
నీ బండికి గాలి పీల్చే తొవ్వ లేదు,
పొయ్యేటి నీళ్లు
కాపలున్న నీళ్లను గూడ గుంజుకపోతున్నయి."

ముప్పై ఏండ్ల సంది అంట్లు తోముతున్న,
ఆ గుక్కెడు సంగతి నాకెవ్వరూ చెప్పలే.

నట్టు తిరగలే. కిరసనాయిలు తాపి,
ఒక చాయ్ తాగొచ్చి,
కొంగు చుట్టి పానా పట్టి
రెండు కాళ్లు గోడకు తన్ని తిప్పితే
వంపు ఊడి చేతులకొచ్చింది.
లోపల సున్నం లెక్క పొరలు పొరలు,
ఒక గాజు నలిక ముక్క,
గులాబి మరక, అంచులకు పసుపు.
ఎన్ని ఊర్ల నీళ్లో
సీసాలల్ల వచ్చి, రంగు మారి,
పుస్తకంల ఒక అంకె అయినంక
ఇండ్లకెల్లే పోయినయి.

ఆ పుస్తకం అలమరల ఉంది,
చెదలు తిన్నకాడికి తినంగ.
"మా ఊరుందా అండ్ల?"
ఉంది. తారీఖు ఉంది, అంకె ఉంది.
తారీఖు చదివిన.
"అప్పటికి నాకు ఆరేండ్లు," అన్నడు.
అంకె అడగలే.
నేను పుస్తకం మూసిన.

నల్లగొండ గడియారం కాడ నాలుగు దుకాండ్లు.
ఇంచు ఉంది, ఇంచున్నర ఉంది, ఇంచుంబావు లేదు.
"మా నాయిన కాలం సైజు," అని నవ్విండొకడు.
ఇంచున్నర నట్టే తెచ్చి
సైకిల్ ట్యూబు కోసి వాషరు చేసిన, రెండు మడతలు,
సీసా మూత పెట్టి గుండ్రంగ గీసి.
కొత్త వంపుకు పైపును సెగ మీద పట్టబోతే
"ఇసుక నింపు ముందు," గడప కాడి నుంచి కేక,
"ఒట్టి కడుపుతోని వంచితే నొక్కుకపోతది!
మెల్లగ... పైపు వంగాలె గని నేను గాదు గద,"
తన మాటకు తనే దగ్గు వచ్చేదాక నవ్విండు.

అలమర వెనక నుంచి టాపు దాక సన్న పైపొకటి,
కందిరీగ దూరకుండ మూతికి జాలి.
గాలికి తొవ్వ.

రెండు బకెట్లు పోసిన.
గుటగుట లేదు. ఒకటే పొడుగు ఊపిరి,
ఆఖరుకు చిన్న గుక్క.
ఈదయ్య మనిషంత సింకు దిక్కు తిరిగి
కండ్లు మూసుకొని విన్నడు.
"నిలిచినయి."

కూలి మూడొందలు, రెండు రొట్టెలు.
రొట్టెలు నిలబడే తిన్నడు.

ఆయన పొయ్యినంక టార్చి కొట్టి చూస్తే
నట్టు అంచుకు ఒక్క చుక్క,
రాలాల్నా వద్దా అన్నట్టు.
కింద స్టీలు గిన్నె పెట్టి పండుకున్న.
పొద్దుగాల అడుగు తడిసేటన్ని నీళ్లు.
బయట పారబోయ బుద్ధి కాలే,
మళ్ల సింకులనే పోసిన.