పథ్యం ఖర్చు

రాజాం రిజిస్ట్రారాఫీసు గోడవార
నాదో మడత బల్ల, చిల్లుల గొడుగు, తడి స్పాంజి.
కోటవారి మునిమనవడు వంశవృక్షం తెచ్చాడు,
నాగావళి ఒడ్డు మెట్ట తగువులో దాఖలు చెయ్యాలట.
"సాపు రాసియ్యండి బాబూ, కొట్టివేతలుండకూడదు."

రాస్తూ పోయాను.
జగ్గభూపతి, ఆయన కొడుకు, ఆ కొడుక్కి దత్తుడు.
కొమ్మ కొమ్మకీ మీసాలే.
ఒక్కచోట మాత్రం చిన్న గీతకి వేలాడుతూ
"భార్య".

ఆధారాలని ఇచ్చిన చెదల కట్టలో
వంటశాల పద్దొకటి పొరపాటున కలిసొచ్చింది.
చంద్రాయమ్మ దొరసాని పథ్యానికి
శొంఠి, పిప్పళ్ళు, పాత బియ్యం, వెల్లుల్లి.
పదకొండేళ్ళలో ఏడుసార్లు.
చెట్టుమీద కాసింది ఒక్కటే.

మూడోసారి శొంఠి కింద, అదే సిరాతో,
రెండు వీశెల ఉప్పు, గజం మల్లుగుడ్డ.
ఎందుకో తెలిసేసరికి
నా టీ మీద మీగడ కట్టింది.

ఆ తర్వాత పద్దుల్లో పథ్యం లేదు, దొర లేడు.
కరువేడు శిస్తు మాఫీ కాగితం ఉంది.
ఘోషా తెర కిందనుంచి
చెయ్యొక్కటే బయటికొచ్చి పెట్టిన సంతకం.
ద కింద క్రావడి మరిచి
ఆఖర్న ఇరికించింది, వంకరగా.

"పేరు కూడా రాయమంటారా?"
"ఏటి లాభం? భూమి ఆవిడ పేర్న నేదు కదా."
ఫోను మోగితే పక్కకెళ్ళాడు.

పేజీకి ఇరవై నా రేటు.
ఆ ఒక్క మాటకీ అదనం అడగలేదు.
భార్య పక్కన పేరంతా రాసి
క్రావడి మాత్రం
ఆవిడలాగే, ఆఖర్న పెట్టాను.